అరువు చిన్నతనం

మాటవరసకి రమ్మంటే మూటాముల్లే సర్దుకుని దిగిపోయేవాళ్ళు కొందరుంటారు. పొట్టి ఆ రకం. ఫోను పెట్టేసేముందు "ఒకసారి ఇటు రావే, మా ఊరు చూద్దువుగాని" అనడం టీచరుకి అలవాటు. అందరూ 'ఉంటా మరి' అన్నట్టే ఆమె ఆ మాట అనేది. అంతకుమించి అందులో ఏమీ లేదు. అలాంటిది ఒకరోజు పొట్టి తాపీగా, "సెలవు దొరికిందే. టికెట్టు కూడా కొనేశా" అంది. "ఎంత చల్లని కబురు చెప్పావే" అని టీచరు నోటితో అంది గానీ, లోపల మాత్రం ఆ టికెట్టు ఎలాగైనా రద్దయితే బాగుండుననుకుంది.

పొట్టి అంటే ఇష్టం లేక కాదు. ఇద్దరూ ఒకే బళ్ళో ఒకే బెంచీ మీద చదువుకున్నారు. అందరికంటే పొట్టిగా ఉండేది కాబట్టి అది పొట్టి. ఇప్పుడు పశువుల డాక్టరై, ఆసుపత్రిలో నలుగురిని అదిలించే స్థాయికి వచ్చినా టీచరుకి పొట్టే. టీచరేమో పెద్దింటి పిల్ల కాబట్టి పొట్టి నోట దొరసాని. దేశం కాని దేశంలో, కొండవాలు పల్లెటూరి బళ్ళో లెక్కలు చెప్పుకుంటున్న ఈ దొరసాని, మనసు బాగోలేనప్పుడు ఎన్నిసార్లు ఫోను చేసినా విసుక్కోకుండా ఎత్తే మనిషి లోకంలో పొట్టి ఒక్కతే. ఆ ఒక్క మనిషీ చూడ్డానికి వస్తుంటే టీచరుకి అన్నం సయించడం మానేసింది. కారణం ఒక్కటే. ఆ ఊరివాళ్ళకి తెలిసిన టీచరు చిన్నతనం టీచరుది కాదు, పొట్టిది. అది పొట్టికి తెలిస్తే ఇక ఆ ఫోను ఎత్తే మనిషి ఉండదు.

ఎంత పెద్ద అబద్ధమైనా పుట్టేటప్పుడు బెత్తెడే ఉంటుంది. ఇదీ అంతే. ఆమె ఆ ఊరు వచ్చిన కొత్తల్లో చివరి బెంచీలో ఒక పిల్ల ఉండేది. లెక్క నోట్లోంచి ఊడిపడకముందే జవాబు చెప్పే పిల్ల. ఆ పిల్ల బడికి రావడం మానేసింది. ఊళ్ళో సగం మంది పళ్ళతోటల్లో, మిగతా సగం పళ్ళని పెట్టెలకెత్తే షెడ్డులో పనిచేస్తారు. పిల్లని షెడ్డులో పెట్టారని తెలిసి టీచరు వాళ్ళింటికి వెళ్ళింది. చదువు గురించి ఆవిడకొచ్చిన వంకర భాషలో, ఎక్కడో చదివిన మంచి మాటలన్నీ చెప్పింది. పిల్ల తల్లి గుమ్మంలోనే నిలబడి, తలుపు సగం వేసి అంతా విని, "మీకేం టీచర్. మీ చేతులు చూస్తేనే తెలుస్తోంది, పుట్టి బుద్ధెరిగి ఏ బరువూ ఎత్తలేదని. మా బతుకులు మీకేం తెలుసు?" అంది.

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. నాన్న కట్టిన ఇంట్లో, నాన్న సంపాదన తింటూ, ఒక్కో సబ్జెక్టుకి ఒక్కో ట్యూషన్ మాస్టారు ఉండి కూడా రెండుసార్లు పరీక్ష తప్పిన మనిషి ఆమె. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. "నాకెందుకు తెలీదు? మా అమ్మ బండి మీద ఇస్త్రీ చేసి నన్ను చదివించింది" అనేసింది. వెంటనే ఆ మాట వెనక్కి తీసుకుందామనుకుంది. కానీ పిల్ల తల్లి మొహం మారిపోయింది. తలుపు పూర్తిగా తీసింది, లోపలికి పిలిచింది, స్టూలు తుడిచి వేసింది. మర్నాటి నుంచి పిల్ల బడికొచ్చింది.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ గౌరవం రుచి మరిగాక నాలుక ఆగుతుందా? పిల్లలు అడగడం, ఆమె చెప్పడం. ఇస్త్రీ పెట్టెలోంచి నిప్పులు జారి కుడిచెయ్యి మణికట్టు దగ్గర కాలడం, కట్టు కట్టిన చేత్తోనే పదో తరగతి పరీక్ష రాయడం, బడికి వెళ్ళేముందు నెత్తిన బట్టల మూటతో ఇల్లిల్లూ తిరగడం, సాయంత్రం ఒక పెద్దింటి వరండా లైటు కింద చదువుకోవడం, అన్నీ చెప్పింది. అన్నీ నిజమే, పొట్టికి జరిగినవే. ఆ పెద్దిల్లు ఎవరిదో వేరే చెప్పాలా? టీచరు వాళ్ళదే. కథకి ఉప్పు చాలలేదనిపించిందేమో, ఆ ఇంట్లో ఒక పొగరుబోతు పిల్లని పెట్టి, ఆ పిల్ల చేత రోజూ లైటు ఆర్పించింది. జరిగింది అది కాదు. అయినా అలా చెప్పింది. "మచ్చ చూపించండి టీచర్" అని పిల్లలు చెయ్యి పట్టుకుంటే, చిన్నప్పటిది కదా, మాసిపోయిందంది.

ఒకరోజు ఎవరో, "మీ అమ్మని ఇక్కడికి తీసుకురండి టీచర్, మేం చూస్తాం" అన్నారు. టీచరు కన్నతల్లి రోజూ ఫోనులో కనబడుతూనే ఉంటుంది. చేతుల నిండా గాజులు, వెనక పెద్ద సోఫా. ఆవిడని చూపించి ఈవిడే ఇస్త్రీ చేసేదంటే అప్పుడే పుట్టిన పిల్లాడు కూడా నమ్మడు. అబద్ధమాడినా అతికినట్టుండాలి కదా. అతికించింది. "అమ్మ పోయింది. పైచదువు పరీక్షల ముందు రోజే పోయింది" అంది. క్లాసు క్లాసంతా ఏడ్చింది. ఆ తరవాత, ఫోనులో రోజూ మాట్లాడేదెవరని గది అద్దెకిచ్చిన ఇంటావిడ అడిగితే, నన్ను పెంచిన పిన్ని అంది. అలా ఆ మహాతల్లి పొట్టి వాళ్ళమ్మని చంపి, తన కన్నతల్లిని పిన్నిని చేసింది.

పొట్టి బస్సు దిగింది. దిగీ దిగగానే, "ఏమే దొరసానీ, ఇలా చిక్కిపోయావేంటే" అని వీపు మీద ఒక్కటిచ్చింది. పక్కనే ఉన్న ఇంటావిడ ఆ పిలుపు పట్టుకుని, "ఆమె మిమ్మల్ని ఏమని పిలుస్తోంది?" అని అడిగింది. "టీచర్ అని" అంది టీచరు. ఇంకా సామాన్లు బస్సు మీంచి దిగనే లేదు, అప్పుడే ఒక అబద్ధం అయింది.

టీచరు అద్దెకుండేది ఒక్క గది. ఒక మూల ఇనుప మంచం, ఇంకో మూల గట్టు మీద స్టవ్వు, కిటికీలోంచి చూస్తే ఇంటావిడ మేకల దొడ్డి. పొట్టి మంచం మీద పెట్టె తెరిచింది. బట్టలన్నీ అంచుకి అంచు అతికి, అప్పుడే కొట్లోంచి తీసినట్టున్నాయి. "మా అమ్మే. మోకాళ్ళ నొప్పులు, ఊరుకోవే అంటే వినదు. ఎవరో ఊరెళ్తున్నారంటే చాలు, ఇస్త్రీ పెట్టె పట్టుకుని కూర్చుంటుంది. ఇవిగో, నీకూ రెండు చీరలు. దొరసానికి మడత నలగకుండా ఇవ్వాలట" అంది. టీచరు ఆ చీరలు అందుకుని ఎక్కడ పెట్టాలో తెలీక ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

అంతలో ఆ అమ్మే ఫోను చేసింది. తెర మీద సగం మొహం, సగం సీలింగు ఫ్యాను. "దొరసానీ, అన్నం తింటున్నావామ్మా? మా పొట్టిది నీకు పని చెప్తోందా?" అంటూ నవ్వింది. టీ ఇవ్వడానికి వచ్చిన ఇంటావిడ తలుపు దగ్గర ఆగిపోయింది. ఎవరని అడిగితే, స్నేహితురాలి తల్లి అంది టీచరు. ఇంటావిడ తెరకి దణ్ణం లాంటిది ఏదో పెట్టి, తరవాత టీచరు దగ్గరకొచ్చి, చెయ్యి తలమీద వేసి మెల్లగా నిమిరింది. "పాపం, నీకు లేదు కదమ్మా. బాధపడకు. నేనున్నాను" అంది.

"ఏమంటోందే?" అంది పొట్టి.

"నువ్వు అదృష్టవంతురాలివంటోంది."

తెర మీద ఆ తల్లి ఇంకా నవ్వుతూనే ఉంది. టీచరుకి తల కొట్టేసినట్టయింది. కానీ తేలు కుట్టిన దొంగ ఎక్కడైనా అరుస్తాడా? ఇంటావిడ చెయ్యి తలమీంచి తీసేదాకా అలాగే కూర్చుంది.

మర్నాడు ఇంటావిడ మేక పొదుగు వాచి ఉండడం పొట్టి కంటపడింది. అంతే, చేతులు కడుక్కుని దొడ్లో గొంతుక్కూర్చుంది. వేణ్ణీళ్ళ గుడ్డ కాపడం పెట్టడం, చెడిన పాలు పిండెయ్యడం, అన్నీ ఇంటావిడ చేత్తోనే చేయించింది. ఒకరి భాష ఒకరికి ముక్క రాదు. అయినా ఇద్దరూ పోటీపడి మాట్లాడుకున్నారు. సాయంత్రానికి ఊరంతా తెలిసి, ఒకరు కుంటి గొర్రెని, ఒకరు కోడిని చంకనెట్టుకుని వచ్చారు. అందరి మాటా పొట్టికి, పొట్టి మాట అందరికీ చేరెయ్యాల్సింది టీచరే. ఎవరు నోరు తెరిచినా "ఏమంటోందే?" అని పొట్టి ఇటు తిరిగేది. మేక గురించైతే టీచరు ఉన్నదున్నట్టు చెప్పేది. తన గురించైతే వేరే ఏదో చెప్పేది. "మీ స్నేహితురాలు మంచిది టీచర్, కష్టం తెలిసిన మీలాగే ఉంది" అని ఒక ముసలాయన అంటే, "గొర్రె రాత్రి మేత తినలేదంటున్నాడు" అంది. పాపం పొట్టి ఆ గొర్రెకి మళ్ళీ పొట్ట నొక్కి చూసింది.

చివరి బెంచీ పిల్ల కూడా వచ్చి దొడ్డి కర్ర పట్టుకుని నిలబడింది. పొట్టి చేతులు మోచేతిదాకా సబ్బుతో కడుక్కుంటుంటే ఆ పిల్ల చూపు పొట్టి కుడి మణికట్టు మీదే ఆగింది. అక్కడ మచ్చ తమలపాకంత ఉంటుంది. టీచరు గబుక్కున తువ్వాలు అందించింది. ఆ పిల్ల ఏమీ అడగలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే మనిషికి, ఏమీ అడగనివాళ్ళంటేనే ఎక్కువ భయం.

ఆ మర్నాడు బళ్ళో పెద్ద టీచరు ఆమెని పక్కకి పిలిచింది. "మీ స్నేహితురాలి కోసం రేపు చిన్న సభ పెడుతున్నాం. పిల్లలు నాటకం కట్టారు. చెప్పొద్దన్నారు గానీ, అక్కడ ఏడుపొస్తుందని ముందే చెప్తున్నాను. మీ కథే" అంది. ఎన్నాళ్ళుగానో సాధన చేస్తున్నారట. ఊళ్ళో అందరూ వస్తున్నారట. టీచరుకి నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. వద్దంటే ఎందుకంటారు. ఎందుకంటే ఏం చెప్పాలి?

ఇంటికొచ్చి, "రేపు నిన్ను సరస్సు దగ్గరికి తీసుకెళ్తానే, చాలా బాగుంటుంది" అని మొదలుపెట్టింది.

"నీళ్ళు మా ఊళ్ళోనూ ఉన్నాయి. నీ పిల్లలు ఉన్నారా మా ఊళ్ళో? నేను వాళ్ళని చూడాలి. ఫోనులో ఎప్పుడూ వాళ్ళ గోలేగా" అంది పొట్టి.

"ఎండగా ఉంటుంది. నీకు తలనొప్పి వస్తుంది."

"పశువుల డాక్టరుకి ఎండేంటే, నీకేమైనా పిచ్చా?"

చెప్పాలంటే అప్పుడే చెప్పాలి. స్టవ్వు మీద అన్నం ఉడుకుతోంది, పొట్టి కూరగాయలు తరుగుతోంది, గదిలో ఇంకెవరూ లేరు. ఇంతకంటే అనువైన సమయం ఏ పంచాంగంలోనూ దొరకదు. "పొట్టీ, నీకో మాట చెప్పాలే" అంది టీచరు. "చెప్పు" అంది పొట్టి, కత్తి ఆపి, నిండుగా ఇటు తిరిగి. ఆ చూపులో అనుమానం అన్నదే లేదు. చిన్నప్పుడు లెక్క చూపించమని అడిగినప్పుడు ఎలా చూసేదో అలాగే చూసింది. టీచరు నోరు తెరిచింది. "రేపు నాటకం అంత బాగోదు. పిల్లలు కదా, ఏదో చేస్తారు. నువ్వేమీ అనుకోకు" అంది. పొట్టి నవ్వేసి మళ్ళీ తరుక్కుంది.

మర్నాడు బడి ముందు బెంచీలన్నీ బయట వేశారు. షెడ్డు నుంచి ఆడవాళ్ళు చేతులకి అంటిన పళ్ళ జిగురు తుడుచుకుంటూ తిన్నగా వచ్చి కూర్చున్నారు. ముందు వరసలో పొట్టి, పక్కన టీచరు, ఆ పక్కన ఇంటావిడ. పిల్లలు బండికి బదులు ఒక బల్ల లాక్కొచ్చి, దాని మీద అట్టపెట్టెతో చేసిన ఇస్త్రీ పెట్టె పెట్టారు. లోపల నిప్పులకి ఎర్ర కాగితాలు. చివరి బెంచీ పిల్ల మోకాళ్ళు వంచి పొట్టిగా నడుస్తూ, నెత్తిన బట్టల మూటతో వచ్చింది.

"ఇదేంటే, వీళ్ళూ బండి మీద ఇస్త్రీ చేస్తారా?" అని పొట్టి సరదాగా అడిగింది. టీచరు "ఊఁ" అంది.

పిల్ల ఇల్లిల్లూ తిరిగింది. ఎర్ర కాగితాలు జారి చేతి మీద పడ్డాయి. తల్లి వేషం వేసిన అమ్మాయి పరుగున వచ్చి, కొంగు లాంటి గుడ్డ చించి కుడి మణికట్టుకి కట్టింది. పొట్టి నవ్వు సగంలో ఆగింది. ఎడం చెయ్యి దానంతటదే వెళ్ళి కుడి మణికట్టుని కప్పుకుంది. ఆ బల్ల మీదే పిల్ల కట్టు చేత్తో వంకరగా పరీక్ష రాసింది. తరవాత వరండా వచ్చింది, మూడు ఇటుకలు పేర్చిన మెట్లు, టార్చి లైటు. ఎవరిదో మెళ్ళో గొలుసు అడిగి వేసుకున్న ఒక బొద్దు పిల్ల, కిటికీ అనుకున్న చోట కూర్చుని రొట్టె నములుతూ, టక్కున లైటు ఆర్పేసింది. జనం అందరూ 'ఛీ' అన్నారు. మాటలు తెలీకపోయినా ఆ ఛీ తెలుస్తుంది.

"లైటు ఎవరార్పారే?" అంది పొట్టి చిన్నగా, ముందుకే చూస్తూ.

టీచరు తల ఎత్తలేకపోయింది. భూమి చీలితే దిగిపోదామనుకుంది గానీ, మనం దిగాలనుకున్నప్పుడు అది ఎప్పుడూ చీలదు.

చివరికి తల్లి దగ్గుతూ బండి పక్కన ఒరిగిపోయింది. పిల్లలు స్టాఫు రూములో బల్ల మీద పరిచే తెల్లగుడ్డ తెచ్చి ఆ అమ్మాయిని నిండా కప్పారు. చివరి బెంచీ పిల్ల పక్కన కూలబడి నిజంగానే ఏడ్చింది. షెడ్డు ఆడవాళ్ళు ముక్కులు చీదుకున్నారు. ఇంటావిడ టీచరు చెయ్యి గట్టిగా పట్టుకుంది. వెనక నుంచి ఎవరెవరో వచ్చి టీచరు భుజం తడిమి వెళ్ళారు. ఇంత ప్రేమ జన్మలో ఎప్పుడూ ఆమెకి ఒక్కసారిగా దొరకలేదు. ఒక్కో చెయ్యీ తగిలినచోట ఒళ్ళు కాలినట్టుంది.

పెద్ద టీచరు లేచి కళ్ళు తుడుచుకుని, "మన అతిథికి ఆ తల్లి తెలుసు కదా. ఆవిడ గురించి నాలుగు మాటలు చెప్పమనండి" అంది.

"ఏమంటోంది?" అంది పొట్టి. ఈసారి 'ఏమంటోందే' అనలేదు.

"నాలుగు మాటలు మాట్లాడమంటున్నారు."

"దేని గురించి?"

"నీ ఇష్టం."

పొట్టి లేచింది. జనం వైపు కాదు, టీచరు వైపే తిరిగి, మామూలు గొంతుతో తెలుగులో చెప్పింది. "చెయ్యి కాలింది నాకు. వరండాలో చదువుకుంది నేను. అవన్నీ కావాలంటే నువ్వే ఉంచుకో, నేనేమీ అడగను. కానీ మా అమ్మ మొన్ననే కదే నీతో మాట్లాడింది, అన్నం తింటున్నావామ్మా అని? నువ్వు ఆవిడని చంపేశావు. ముందు ఆ గుడ్డ తీసి మా అమ్మని లేపు. అలా పడుకుని ఉంటే నేను చూడలేకపోతున్నాను."

అందరూ టీచరు నోటి వైపు చూస్తున్నారు. పెద్ద టీచరు, ఇంటావిడ, తెల్లగుడ్డ పక్కన మోకాళ్ళ మీద ఉన్న పిల్ల. టీచరు లేచి నిలబడి, "నా స్నేహితురాలు... పిల్లలు చాలా బాగా చేశారంటోంది" అంది. చప్పట్లు మోగిపోయాయి.

పొట్టి ఆ చప్పట్లు అయ్యేదాకా ఆగింది. "నేను చెప్పింది చప్పట్లు కొట్టే మాట కాదే" అంది. ఇంకేమీ అనకుండా నడిచి వెళ్ళి, తెల్లగుడ్డ తీసి, కింద ఊపిరి బిగబట్టి పడుకున్న అమ్మాయిని రెండు చేతులా లేపి కూర్చోబెట్టింది. జుట్టుకి అంటిన దుమ్ము దులిపింది. ఎందుకో గానీ ఆ అమ్మాయి మొహం పట్టుకుని చూస్తూ అక్కడే ఏడ్చేసింది.

"ఆమె ఏమంది టీచర్?" అంది చివరి బెంచీ పిల్ల. ఆ పిల్ల చూపు టీచరు మీద లేదు, పొట్టి మణికట్టు మీద ఉంది.

ఇక అతికించడానికి ఏమీ మిగల్లేదు. ఆ భాషలో టీచరుకి వంకర టింకర మాటలే వచ్చు. వంకర మాటలతో అబద్ధం చెప్పడం తేలికే, నిజం చెప్పేటప్పుడే ప్రతి ముక్కా వెతుక్కోవాలి. "ఇది నా కథ కాదు. ఈమెది. నేను దొంగిలించాను. వాళ్ళమ్మ బతికే ఉంది. మా అమ్మ కూడా బతికే ఉంది. నేను పెద్దింటి పిల్లని" అంది. మళ్ళీ తెలుగులో అదే పొట్టికి చెప్పింది, ఒక్క ముక్కా తగ్గించకుండా.

తిడతారనుకుంది. ఎవరూ తిట్టలేదు. పెద్ద టీచరు కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది. ఇంటావిడ టీచరు చెయ్యి వదిలేసి, తన అరచెయ్యి ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూ, "ఫోనులో నవ్వినావిడేనా?" అంది. అంతే అంది. పిల్ల తల్లి మాత్రం షెడ్డు ఆడవాళ్ళ మధ్యలోంచి లేచి, పొట్టిని కింద నుంచి పైదాకా చూసి, "అంటే ఇస్త్రీ చేసేవాళ్ళ పిల్ల డాక్టరయిందా?" అని అడిగింది. అవునని టీచరు తల ఊపింది. పిల్ల తల్లి కూతురి వైపు చూసింది. ఆ చూపులో కనబడిన ఆశ టీచరు చెప్పిన ఏ అబద్ధానికీ ఎప్పుడూ రాలేదు.

తరవాత పిల్లలు ఆగలేదు. అమ్మ బతికుందని తెలిసి ఎగురుకుంటూ పొట్టి చుట్టూ మూగారు. మచ్చ ముట్టుకుని చూశారు. నొప్పి పుట్టిందా, అమ్మ ఇప్పుడేం చేస్తోంది, బండి ఎక్కడుంది, అన్నీ అడిగారు. టీచరు గుంపు పక్కన నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరేసింది. ఆమె కోసం ఎవరూ చోటివ్వలేదు, ఆమె గొంతు కోసమే ఇచ్చారు. పొట్టి కూడా ఆమె మొహం చూడకుండానే జవాబులు చెప్పింది.

అప్పుడు గొలుసు వేసుకున్న బొద్దు పిల్ల, అందరి చేతా ఛీ అనిపించుకున్న పిల్ల, వెనకనుంచి చెయ్యెత్తింది. "లైటు ఆర్పేసిందే, ఆ పిల్ల ఏమైంది?"

టీచరు ఆ ప్రశ్న తెలుగులో చెప్పింది. పొట్టి మొదటిసారి ఇటు తిరిగింది.

"ఆర్పలేదని చెప్పు" అంది. "ఆ పిల్లే రోజూ చీకటి పడకముందే వచ్చి లైటు వేసేదని చెప్పు. వాళ్ళ బామ్మ కరెంటు దండగని గొణిగితే, నాకు చీకటంటే భయం బామ్మా అని అబద్ధమాడి, నేను చదువుకున్నంతసేపూ ఆర్పనిచ్చేది కాదు. అబద్ధాలు దానికి అప్పటినుంచే వచ్చు. అప్పుడు నాకోసం ఆడేది."

టీచరు చెప్పడానికి చాలాసేపు పట్టింది. తన తప్పులన్నీ గడగడా చెప్పిన నోరు ఈ ఒక్క మంచి దగ్గర అడ్డం తిరిగింది. ఆ పిల్ల, ఆ పిల్ల అని మొదలుపెట్టి, చివరికి నేనే అంది.

బొద్దు పిల్ల మొహం విప్పారింది. చివరి బెంచీ పిల్ల మాత్రం కనుబొమలు ముడిచి, లెక్క తప్పిన చోటు వెతుకుతున్నట్టు టీచరు వైపు చూసింది. "ఇంత మంచి కథ మీ దగ్గరే ఉంటే, ఇదెందుకు చెప్పలేదు టీచర్ మాకు?" అంది.

"ఏమంటోంది?" అంది పొట్టి.

"ఇదెందుకు చెప్పలేదని అడుగుతోంది" అంది టీచరు.

పొట్టి కూడా జవాబు కోసం ఆమె వైపే చూసింది.